ఇరుకైతే ఊగుతుంది

మార్చి 2, ఆదివారం

నీ ఇంటికీ నీ అన్నానికీ మధ్య మృత్యువు అడ్డంగా పడుకుని ఉంటే, నువ్వు చుట్టూ తిరిగి వెళ్తావా, దాని మీదుగా దాటి వెళ్తావా? నిన్నే అడుగుతున్నాను. పక్కవాడి వంక చూడకు.

ఇవాళ ప్రసంగం ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ముందు వరసలో టైలర్ కూర్చునే కుర్చీని ఖాళీగానే ఉంచాను. గురువారం పొద్దున అతను పట్టాలు దాటుతూ పోయాడు. పట్టాల పక్క గోడకి పడ్డ కన్నంలోంచి దిగి, ఒక బండి వెళ్ళేదాకా బుద్ధిగా ఆగాడట. అది వెళ్ళగానే అడుగు వేశాడు. దాని చాటున రెండో లైనులో ఇంకో బండి వస్తున్న సంగతి చూడలేదు. తొందరపడ్డవాడు పోతే అర్థముంది. ఆగినవాడు పోయాడు. కూడికలో అందరి చప్పట్లనూ ఒక తాళానికి తెచ్చే చేతులు అతనివి.

అందుకే ఆజ్ఞ పెట్టాను. పట్టాల మీదుగా నడిచి దాటే కొత్త వంతెన వచ్చేదాకా మన సంఘంలో ఒక్క మనిషి కూడా ఆ కన్నంలో కాలు పెట్టకూడదు. ఆసుపత్రికైనా, మార్కెట్‌కైనా, మిల్లుకైనా రోడ్డు వంతెన మీదుగా చుట్టూ తిరిగే వెళ్ళాలి. రెండు బస్సులు మారాలి, తెలుసు. గ్రంథం తెరిచి చూపించాను. సముద్రం దారి ఇచ్చింది దేవుడు చీల్చాకే గానీ జనం తొందరపడ్డాక కాదు. చేతులెత్తి మాట ఇవ్వమన్నాను. ఎత్తని చెయ్యి కనబడలేదు.

వంతెన గీస్తున్నది నా కూతురేనని కూడా చెప్పాను. గర్వంతో కాదు. సాక్ష్యంగా చెప్పాను.

మార్చి 4, మంగళవారం

అమ్మాయి భోజనాల బల్ల నిండా కాగితాలు పరిచింది. కూడికకి రావడం మానేసి చాలా ఏళ్ళయింది గానీ, ఈ కాగితాల ముందు కూర్చున్నప్పుడు దాని ముఖంలో కనిపించే భక్తి నా సంఘంలో సగం మందికి లేదు.

అడిగితే చెప్పింది. పట్టాల మధ్య స్తంభం వేయనివ్వరట. ఉన్న లైన్లు చాలక రేపు ఇంకా వేస్తారట. అందుకని ఈ గోడ నుంచి ఆ గోడకి వంతెనది ఒకటే అంగ. ముక్కోణాలుగా అల్లిన ఉక్కు. పక్కన నేల మీదే బిగించి, రైళ్ళు ఆపి ఇచ్చే కాసేపట్లో క్రేనుతో ఎత్తి పెట్టేస్తారట. కింద కరెంటు తీగలున్నాయి కాబట్టి వాటి మీదుగా మేడంత ఎత్తున పోవాలి.

"అంత ఎత్తు మీ అమ్మ ఎక్కుతుందా?" అన్నాను.

"మెట్లు ఎక్కక్కర్లేదు నాన్నా. రెండు వైపులా ర్యాంపు పెట్టాను. వాలుగా నడిచిపోవడమే. చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. నలుగురు పక్కపక్కన నడిచేంత వెడల్పు." ఒక గీతని వేలితో నిమిరింది. "అమ్మ కోసమే గీశాననుకో. మా ఆఫీసులో చెప్పకు."

మా ఆవిడ వంటింట్లోంచి విని, మోకాలికి కూడా కొత్తది ఒకటి గీసి పెట్టమంది.

ఆవిడ రోజూ అవతలికి వెళ్ళాలి. వాళ్ళక్కకి అన్నీ మంచం మీదే. ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, తినిపించి వస్తుంది. ఆదివారం నుంచి బస్సులో వెళ్తోంది. పెద్దమ్మని ఇక్కడికి తెచ్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని అమ్మాయి మళ్ళీ ఆ పాత మాట ఎత్తింది. ఇంట్లో చోటు లేదని చెప్పాను. ఉన్నవి రెండు గదులు, నేను గ్రంథం చదువుకునే ఈ ముందు గది. ఎక్కడ పెడతాం?

మార్చి 10, సోమవారం

సైకిల్ షాపు తీసే ముందు రోజూ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నాను. మన వాళ్ళెవరూ రావడం లేదు. మిల్లుకి వెళ్ళే ఆడవాళ్ళు నన్ను చూసి బస్‌స్టాపు వైపు తిరిగిపోతున్నారు. సంఘం కాని వాళ్ళని కూడా కొందరిని వెనక్కి తిప్పాను. ఒకతను, మీ అబ్బ గోడా అన్నాడు. గోడ ఎవరిదైనా ప్రాణం నీదే కదా నాయనా అన్నాను. గొణుక్కుంటూ తిరిగిపోయాడు.

కన్నానికి ఎదురుగా గొడుగు కింద కుర్చీ వేసుకుని ఎవరో కొత్త మనిషి కూర్చున్నాడు. చేతిలో బొటనవేలితో నొక్కితే టిక్కుమనే చిన్న డబ్బా. లెక్కపెట్టుకుంటూ జపం చేసే మతం కాబోలనుకున్నాను. ఊరుకోలేకపోయాను. లెక్కపెట్టి చేసే ప్రార్థన పైకి చేరదు నాయనా అని మొదలుపెట్టి, తన జనాన్ని లెక్కపెట్టుకుని మురిసిన రాజు సంగతి చెప్పాను. లెక్క తేలేసరికి తెగులు వచ్చి జనం రాలిపోయారని చెప్పాను. అతను అంతా ఓపిగ్గా విన్నాడు.

"నా ఉద్యోగమే లెక్కపెట్టడమండీ. ఇవాళ గిరాకీ లేదు గానీ" అని నవ్వాడు.

మర్యాద తెలిసిన మనిషి. ఇంటికి వెళ్ళి చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

మార్చి 12, బుధవారం

ఇవాళా ఎవరూ దాటలేదు. స్తోత్రం.

మార్చి 13, గురువారం

మా ఆవిడ చీర కుచ్చిళ్ళకి నల్లటి జిడ్డు. బస్సులు ఈమధ్య బొత్తిగా శుభ్రం చేస్తున్నట్టు లేదు.

మార్చి 15, శనివారం

గొడుగు మనిషి కుర్చీ మడుచుకుని వెళ్ళిపోయాడు. ఇంత తీరిగ్గా ఎక్కడా కూర్చోలేదట. ఈ పేటలో మీ మాట భలే చెల్లుతుందండీ, ఒక్కరి దగ్గర తప్ప, అన్నాడు. ఆ ఒక్కరు ఎవరని అడగలేదు. మన సంఘం వాళ్ళు అయి ఉండరు.

ఒక మనిషి మాట మీద ఒక పేట పేటంతా దారి మార్చుకోవడం నేను గ్రంథంలో చదివాను గానీ కళ్ళతో చూస్తాననుకోలేదు.

మార్చి 28, శుక్రవారం

రాయాలి. రాస్తేనే నాకు తెలుస్తుంది.

అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చుంది. లెక్క వచ్చిందట. రోజూ ఎంతమంది పట్టాలు దాటుతున్నారో మనుషుల్ని పెట్టి లెక్కపెట్టిస్తారట. దాన్ని బట్టే వంతెన వెడల్పు. ర్యాంపు కావాలా, మెట్లు చాలా అన్నది కూడా దాన్ని బట్టే. మొదట తను గీసింది అంచనా మీద. ఇప్పుడు అసలు లెక్క వచ్చింది, అది అంచనాలో పిసరు కూడా లేదు.

ఎప్పుడు లెక్కపెట్టారని అడిగాను. ఈ నెల రెండో వారంలో అంది.

నాకు అప్పటికీ తెలియలేదు. సంతోషంగానే అన్నాను.

"చూశావా, ఆ వారం ఒక్కరు కూడా దాటలేదు."

అమ్మాయి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. దాని ముఖం చూశాక తెలిసింది. గొడుగు, కుర్చీ, టిక్కుమనే డబ్బా. అతనికి నేను నీళ్ళిచ్చాను. ప్రసంగం చెప్పాను. అతని ముందు నుంచే జనాన్ని వెనక్కి తిప్పాను.

ముందే చెప్పి ఉండాల్సింది కదా అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను.

"లెక్క వారం బయటికి చెప్పకూడదు నాన్నా. చెప్తే జనాన్ని పోగేస్తారు. అది లెక్క అవదు, ఊరేగింపు అవుతుంది."

"నేను ఆజ్ఞ పెట్టిన సంగతి నీకు తెలుసు కదా. అప్పుడైనా ఆపించవచ్చు కదా."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"నీ మాట అంతమంది వింటారని నేను అనుకోలేదు నాన్నా."

ఇన్నేళ్ళలో నా ప్రసంగానికి నా కూతురు ఇచ్చిన మెప్పు ఇదొక్కటే.

వెడల్పు సగం చేశారు. ర్యాంపులు కొట్టేశారు. మెట్లు మాత్రం ఉంటాయి. ర్యాంపు రెండో విడతలో అని రాశారట. రెండో విడత అంటే ఎప్పుడమ్మా అన్నాను.

"నువ్వు ఎదురుచూసే రెండో రాకడ లాంటిదే. వస్తుంది. ఎప్పుడని అడగకూడదు" అంది. నవ్వుదామని అంది గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

మార్చి 29, శనివారం

ఆ రాజు లెక్కపెట్టాడు, జనం పోయారు. నేను లెక్కకి రాకుండా చేశాను. ఇప్పుడు ఎవరు పోతారు?

మార్చి 30, ఆదివారం

ఇరుకు దారి గురించి చెప్పాను. జీవానికి తీసుకుపోయే దారి ఎప్పుడూ ఇరుకేనని, విశాలమైన దారుల్లో పడి పోయినవాళ్ళే ఎక్కువని. గొంతు బాగానే లేచింది. చేతిలో గ్రంథం తెరిచే ఉంది. వంతెన ఇరుకవుతుందని, మెట్లే ఉంటాయని చివర్లో చెప్పాను.

మంగలి వాళ్ళమ్మ చేతికర్ర మీద ఆనుకుని లేచింది. ఆమె రోజూ రెండు బస్సులు మారి కంటాసుపత్రికి పోతోంది, నా మాట మీద.

"ఇరుకైతే సర్దుకుపోతాం అయ్యగారూ. మెట్లయితే ఎట్లా?"

పాట ఎత్తుకున్నాను. టైలర్ లేడు. ఎవరి చప్పట్లు వాళ్ళవే పడ్డాయి.

లెక్క సంగతి మాత్రం చెప్పలేదు. వాళ్ళ విశ్వాసం కదిలిపోతుందని. వాళ్ళ కోసమే చెప్పలేదు.

ఏప్రిల్ 3, గురువారం

ఆఫీసుకి వెళ్ళాను. అమ్మాయికి చెప్పకుండా వెళ్ళాను. వంతెన పెద్దాయన గదిలో కూర్చోబెట్టారు. గోడ మీద వంతెన బొమ్మ, రంగుల్లో. బొమ్మలో మెట్లు ఎక్కుతున్న వాళ్ళందరూ కుర్రవాళ్ళే. సన్నగా, చేతుల్లో ఏమీ లేకుండా ఎక్కుతున్నారు.

పిడుగులా మాట్లాడదామనే వెళ్ళాను. మాట్లాడాను కూడా. కుంటివాళ్ళ కోసం దారి సరాళం చేయనివాడు ఎవరికి జవాబు చెప్పుకోవాలో చెప్పాను. ఆయన ప్రతి మాటకీ అవునన్నాడు. నిజమేనండీ అన్నాడు. మా అమ్మగారిదీ మోకాలే అన్నాడు. నాతో వాదించేవాడిని నేను ఎన్నడూ వదిలిపెట్టలేదు. అవునంటూ కూర్చున్నవాడితో ఎలా పోట్లాడాలో నాకు రాదు.

మళ్ళీ లెక్కపెట్టించండి అన్నాను.

"వచ్చే విడతలో పెట్టిస్తామండీ. కాకపోతే, అప్పుడు మీ వాళ్ళని దాటమనాలి మరి" అన్నాడు. వెటకారం లేదు. ఉన్న పద్ధతి చెప్పాడు, అంతే.

అంటే లెక్కకి రావాలంటే పట్టాల మీదకి దిగాలి. దిగమని నా నోటితో నేనే చెప్పాలి. టైలర్ కుర్చీ వైపు చూస్తూ చెప్పాలి.

మంచినీళ్ళు ఇచ్చారు. తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

పెద్దాయన గదిలోంచి అలా తల వంచుకుని వస్తుంటే వదిన, అదే మా ఆవిడ వాళ్ళక్క, చూసి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. మంచాన పడకముందు, వాళ్ళింట్లో నలుగురి ముందు నన్ను 'మైకు మరిది' అంది. మైకు తీసేస్తే మా మరిదికి మాట పడిపోతుందంది. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. ఆ ఇంట్లో నేను అడుగు పెట్టలేదు తర్వాత.

క్షమించాను. ఎప్పుడో క్షమించాను. ఇంట్లో చోటు లేకపోవడం వేరే సంగతి.

ఏప్రిల్ 9, బుధవారం

బల్ల మీద మళ్ళీ కాగితాలు. సగం వెడల్పు వంతెన. ఇరుకు చేస్తే ఉక్కు తగ్గింది, నీకు పని కూడా తగ్గినట్టేగా అన్నాను.

"ఇరుకైతే ఊగుతుంది నాన్నా" అంది.

పొడవు తగ్గలేదు, ఒడ్డు నుంచి ఒడ్డుకి అదే అంగ. నడుం మాత్రం సన్నబడింది. గాలికి పడిపోదట. బరువుకి విరగదట. మనుషులు నడిచినప్పుడు పక్కకి ఊగుతుందట. నా షాపు నుంచి తెచ్చిన సైకిల్ చువ్వ బల్ల అంచున వేలితో నొక్కిపట్టి, కొస మీటి చూపించింది.

"అసలు చిక్కు ఎక్కడంటే, కొంచెం ఊగగానే నడిచేవాళ్ళు పడిపోకుండా కాళ్ళు ఎడంగా వేస్తారు. తెలియకుండానే అందరూ ఆ ఊపుకి తగ్గట్టు ఒకే అడుగు వేయడం మొదలుపెడతారు. అందరిదీ ఒకే అడుగు అయ్యేసరికి ఇంకా ఊగుతుంది. ఎవరి నడక వాళ్ళు నడిచినంతసేపూ దానికి ఏమీ కాదు."

చువ్వ కొస నేనూ ఒకసారి మీటి చూశాను.

దానికి మందు కూడా ఉందట. వంతెన కింద, ఎవరికీ కనబడని చోట, స్ప్రింగుల మీద ఒక బరువు వేలాడదీస్తారట. వంతెన అంతా అటు ఊగితే ఆ బరువు ఒక్కటీ ఇటు ఊగుతుంది. ఆ ఎదురు ఊపే వంతెనని నిలబెడుతుందట.

"ఎదురు తిరిగేది ఒకటి లోపల ఉండాలన్నమాట" అంది మా ఆవిడ, కూరగాయలు తరుగుతూ. తల ఎత్తలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

భోజనాల దగ్గర నోరు జారాను. సంఘం మొత్తంలో ఒక్క మనిషైనా నా మాట జవదాటి ఉంటే వంతెన ఇలా అయ్యేది కాదు, ఒక్కరు కూడా లెక్కకి రాలేదే అని ఎత్తిపొడిచాను. ఎవరిని ఎత్తిపొడిచానో నాకే తెలియదు.

అమ్మాయి అంది.

"ఒకరు వచ్చారు నాన్నా. నడక కష్టమైన వాళ్ళని విడిగా గుర్తు పెడతారు. ర్యాంపు అడగడానికి మా దగ్గర ఉండే ఆధారం అదొక్కటే. ఆ వారమంతా కలిపి అందులో ఉన్నది ఒక్క మనిషి. పెద్దావిడ. కుడికాలు ఈడుస్తూ రోజూ వెళ్ళింది, రోజూ వచ్చింది. నేను ఆవిణ్ణి పట్టుకునే ర్యాంపు కోసం వాదించాను. ఒక్కరి కోసం ఇవ్వం అన్నారు."

నేను తల ఎత్తలేదు. నా కంచానికి అవతల మా ఆవిడ చెయ్యి కనిపిస్తోంది. గరిటె పట్టుకుని ఉంది.

"ఇంకొంచెం వడ్డించనా?" అంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచాను.

ఏప్రిల్ 12, శనివారం

కోప్పడాలని కూర్చున్నాను. మంచం అంచున కూర్చుని మోకాలికి పట్టీ కట్టుకుంటోంది. నేను నోరు తెరవకముందే తనే చెప్పింది. మొదటి రెండు రోజులు బస్సులోనే వెళ్ళిందట. బస్సు మెట్టు ఎత్తట. అక్కడ దిగి ఇంకో బస్సు, ఆ మెట్టు ఇంకా ఎత్తట. పట్టాలకి ఎత్తు లేదట. చూసుకుని దాటితే నేల మీద నడిచినట్టేనట.

"మీరు చెప్పింది మంచి మాటే. కాదనడం లేదు. నా మోకాలికి వాక్యం తెలియదండీ."

పట్టీ ఒక చివర పట్టుకోమని ఇచ్చింది. పట్టుకున్నాను.

ఏప్రిల్ 17, గురువారం

నక్షా ఖరారైంది. అమ్మాయి చివరికి ఒక పని చేసింది. రెండు వైపులా మెట్లు వచ్చి కలిసే చోట ఉక్కుని కాస్త బలంగా పెట్టింది, ఎప్పుడైనా ఎవరైనా ర్యాంపు తగిలించాలంటే మోయగలిగేలా. దాన్ని సరిచూసేవాడు అవసరం లేని ఉక్కు అని కొట్టేశాడు. బోల్టులు దూర్చే కన్నాలు మాత్రం ఉంచాడట. కన్నాలకి బరువు ఉండదు కదా అన్నాడట.

"కన్నాలు మిగిలాయి నాన్నా" అని చెప్పింది, ఏదో గెలుచుకొచ్చినట్టు.

నా చిన్నప్పటి నుంచీ కనబడని వాటిని నమ్మమని చెబుతున్నాను. ఉక్కులో నాలుగు కన్నాలు. నమ్మాలి.

పని మొదలుపెట్టే ముందు గోడ కన్నం పూడ్చేస్తారట. వచ్చే నెల మొదట్లోనే. క్రేన్లు, ఉక్కు ముక్కలు అటే పెడతారు కాబట్టి ఎవరూ రాకూడదు. మా ఆవిడకి ఎవరు చెప్పాలి? నేను చెప్పలేదు. తనకి తెలిసిపోయినట్టే ఉంది. తనూ నాకు చెప్పలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

సంఘంలో సగం మంది మళ్ళీ కన్నంలోంచే వస్తున్నారు. చెప్పుల అడుగున కంకర పొడి చూస్తే తెలుస్తోంది. ఏమీ అనలేదు. మంగలి వాళ్ళమ్మ మాత్రం ఇంకా బస్సులోనే వెళ్తోంది, నా మాట మీద. ఆమె ముఖం చూడలేక వేరే వైపు తిరిగి ప్రసంగించాను.

ఏప్రిల్ 22, మంగళవారం

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తే ఆవిడ లేదు. ఈపాటికి వచ్చేయాలి. షాపుకి తిరిగి పోదామని బయల్దేరి, గోడ దగ్గర తేలాను. కన్నంలోంచి దిగాను. నేనూ దిగాను.

అవతలి ఒడ్డున నిలబడి ఉంది, చేతిలో ఉతకాల్సిన బట్టల మూట. నన్ను చూసింది. అప్పుడే గూడ్సు బండి వచ్చి మా మధ్య అడ్డం పడింది. తరగని బండి. పెట్టె వెనక పెట్టె. చక్రాల సందుల్లోంచి అవతల ఆవిడ చీర రంగు ఒక్కసారి కనబడింది, ఇంకోసారి కనబడలేదు. రెండో లైనులో బండి కూత కూడా వినిపించింది. ఎటు నుంచో తెలియలేదు. ఆగమని అరిచాను. ఆగు, అటే ఉండు అని అరిచాను. హాల్లో ఆఖరి వరస దాకా మోగే గొంతు నాది. నా చెవికే నా మాట అందలేదు.

ప్రార్థన రాలేదు. ఒక్క వాక్యం కూడా రాలేదు. టైలర్ చేతులు గుర్తొచ్చాయి, అంతే.

గూడ్సు దాటిపోయింది. దాని వెనకే రెండో లైనులో ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. దుమ్ము తగ్గాక చూస్తే ఆవిడ ఉన్న చోటే నిలబడి ఉంది. రెండు వైపులా చూసుకుని, కాలు ఈడ్చుకుంటూ నింపాదిగా వచ్చింది.

"ఆ టైలర్ ఒక బండే చూశాడు. నేను రెండూ చూస్తాను. మీరేంటి, ఇందులోకి దిగారు?" అంది.

మూట నేను తీసుకున్నాను. కన్నం ఎక్కి దాటేటప్పుడు చెయ్యి ఇచ్చాను. పైకి వచ్చాక ఆయాసంతో గోడకి ఆనుకుంది. అప్పుడు అంది, నాతో అన్నట్టు కాదు, పట్టాలతో అన్నట్టు.

"ఇది పూడ్చేలోపు మా అక్క పోతే బాగుండు అనిపిస్తోందండీ. చూశారా, నాతో ఎంత మాట అనిపిస్తున్నారో."

ఎవరు అనిపిస్తున్నారో చెప్పలేదు. ఆఫీసు పెద్దాయనా, రైలు వాళ్ళా, అమ్మాయి గీసిన మెట్లా అని ఇంటి దాకా ఆలోచిస్తూ వచ్చాను.

ఏప్రిల్ 23, బుధవారం, పొద్దున

వదిన ఇప్పుడు ఎలా ఉందని ఇందాక మా ఆవిడని అడిగాను. ఎన్నాళ్ళకో అడిగాను. మాట పడిపోయిందట. నెలలు దాటిందట. నోటి మాట పోయి, కళ్ళతోనే అన్నీ చెబుతుందట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడిగితే కదా.

మళ్ళీ ఈ గదిలోకి వచ్చి కూర్చున్నాను. కిటికీ ఒకటి, తలుపు ఒకటి. వీధిలోకి ఒకే మెట్టు, అదీ తక్కువ ఎత్తు. గోడ పొడుగునా నా పుస్తకాల బీరువా. ఇటు ఈ బల్ల. బల్ల తీసేస్తే మంచం పడుతుంది. పక్కన కుర్చీ కూడా పడుతుంది. ఇందాకే మూరలతో కొలిచాను. కొలవాల్సిన పని లేకపోయినా కొలిచాను.

వెడల్పు నేను పెంచలేను. ర్యాంపు తేలేను. మెట్లని వాలుగా చేయలేను. మంగలి వాళ్ళమ్మకి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. లెక్కపెట్టే మనిషి మళ్ళీ వస్తే అతనికి ఏం చెప్పాలో తెలియదు. ఆ నాలుగు కన్నాల్లో బోల్టులు పడేసరికి నేను ఉంటానో లేదో. వీటిలో ఏదీ ఇక నా చేతిలో లేదు.

ఈ గదికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు.

చుట్టూ తిరిగి వెళ్తావా, దాటి వెళ్తావా అని అందరినీ అడిగావు కదా, పక్కవాడి వంక చూడకు అన్నావు కదా. నువ్వు చెప్పు ఇప్పుడు. వంటింట్లో మూత చప్పుడు వినిపిస్తోంది. వాళ్ళక్కకి డబ్బా కడుతోంది. తర్వాత మోకాలికి పట్టీ కట్టుకుంటుంది. తర్వాత చెప్పులు వేసుకుంటుంది.

చాలు రాసింది. లే. గ్రంథం తీసి అలమారలో పెట్టు, బల్ల వసారాలోకి లాగు. షాపు పక్కన వ్యాను అతన్ని కేకెయ్యి. వదిన పడుకోవడానికి వ్యానులో పరుపు వేయించుకో. రోడ్డు వంతెన మీదుగా, చుట్టూ తిరిగి వెళ్ళు. ఆ ఇంటి గడప దగ్గర ఆగకు, మైకు మరిది వచ్చాడని నువ్వే చెప్పు, కళ్ళతో నవ్వితే నవ్వనీ. ఆదివారం కాదు, గోడ పూడ్చే ముందు రోజు కాదు. ఇవాళే. ఆవిడ రెండో చెప్పు వేసుకునేలోపు, లే.